చెక్క మాట వినే చెవి

ఆదివారం చర్చి నుంచి వచ్చి, మంచి చీర మడతపెట్టి, మా నాన్న, అంటే మా బాపు పాత ఖాకీ చొక్కా తొడుక్కుని పెరట్లోని రేకుల షెడ్డు తలుపు తీయగానే ముందు ఆ వాసనే ఎదురొస్తుంది. పెట్రోలులో కలిపిన ఇంజన్ ఆయిల్ వాసన, ఆకురాయితో రుద్దిన ఇనుప రజను వాసన, వాటన్నిటి అడుగున ఎప్పుడో కోసిన తుమ్మ చెక్క వగరు. అరల మీద వరసగా నా రంపం మిషన్లు ఉంటాయి. పట్టా చుట్టూ చైన్ తిరుగుతూ చెట్లు కోసే పాతకాలపు చేతి మిషన్లవి. ఒకటి ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో చెప్పలేనంతగా వెలిసిపోయింది, ఇంకొకదాని పిడి విరిగితే తుమ్మ కర్ర చెక్కి తగిలించారు, మరొకటి ఈమధ్యే గోదావరి అవతల మా జైపూర్ వైపు ఒక కట్టెకోత మిల్లులో, మూలన కోళ్ళగంప కింద దొరికింది. పెద్దపల్లిలో నేను సైన్సు చెప్పే బడిలో తోటి టీచర్లు కుండీల్లో గులాబీలు పెంచుకుంటారు, కొత్త కొత్త కుట్లు నేర్చుకుంటారు, చచ్చిపోయిన మిషన్లను తెచ్చి బతికించే పిచ్చి నీకెక్కడిదమ్మా అని నన్ను అడుగుతారు. మొదట్లో ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను, ఎందుకంటే అది ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు.

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు సిమెంటు అరుగు, వెనక ఒక జామచెట్టుకూ నాలుగు కోళ్ళకూ సరిపోయే పెరడు. సాయంత్రం కాగానే క్వార్టర్ల లైను పొడుగునా ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యిలు రాజేసేవాళ్ళు. ఆ పొగ చలికాలంలో పైకి లేవలేక మా నడుముల ఎత్తున పరుచుకుని ఉండిపోయేది, అందులో మేం అంటుకునే ఆట ఆడుతుంటే అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళకు ఉత్త తలకాయలు మాత్రమే పరుగెత్తుతున్నట్టు కనిపించేవట. మధ్యాహ్నం పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వైపు బ్లాస్టింగ్ జరిగితే గూట్లోని స్టీలు గ్లాసులు గలగలమనేవి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు, మేం మాత్రం అన్నం కలుపుకుంటూనే ఉండేవాళ్ళం. అన్నం వండడానికీ, నిద్ర లేవడానికీ, తిట్లు ఆపడానికీ కూడా గని సైరనే లెక్క. పక్కింటి ముసలామె సైరన్ కూయకపోతే తనకు ఆకలే కాదని చెప్పేది, అది నిజమేనని మేమంతా నమ్మేవాళ్ళం.

బాపు టింబర్‌మన్. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు, ఆ బాయి లోపల బొగ్గు తీసిన చోట పైన బండ కూలకుండా చెక్క గుంజలు నిలబెట్టడం ఆయన పని. జట్టు లోపలికి చేరగానే ముందు ఆయనే ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి చూడాలి. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే వదులైనట్టు. ఆ తర్వాత అంతకుముందు నిలబెట్టిన గుంజలకు ఒక్కొక్కదానికీ చెవి ఆనించి వినాలి. పైనుంచి బరువు పడితే చెక్క ముందుగానే చెబుతుందట. మొదట మూలిగినట్టు సన్నగా గునుస్తుందట, తర్వాత లోపల ఎక్కడో టిక్కుమంటుందట, అప్పటికింకా మనిషి పరుగెత్తి బయటపడడానికి వ్యవధి ఉంటుందట. ఇనుప గుంజ అట్లా కాదు, ఎంత గట్టిదైనా చెప్పకుండా వంగిపోతుంది, అందుకే దాన్ని నమ్మను అనేవాడు. ఆయన వింటున్నంతసేపూ జట్టంతా కదలకుండా, దగ్గు వచ్చినా ఆపుకుని నిలబడేది. అంతా బాగుందనుకుంటే బాపు "ఊఁ" అనేవాడు. ఆ ఒక్క మాట మీద మనుషులు తట్టలూ పారలూ పట్టుకుని ముందుకు నడిచేవాళ్ళు.

ఆ అలవాటు ఆయన వెంట ఇంటికి కూడా వచ్చేది. సంతలో గుమ్మడికాయ కొంటే వేళ్ళతో కొట్టి వినేవాడు, కొత్త కుండ తెస్తే వినేవాడు, ఎవరింటికైనా వెళ్ళి కూర్చునే ముందు మంచం కోడు మీద ఒక దెబ్బ వేసేవాడు. మాకు దగ్గు వస్తే వీపు మీద కొట్టి, చెవి పెట్టి, దవాఖానకు తీసుకుపోవాలో వద్దో తేల్చేవాడు. లైనులో పిల్లలం బాయి ఆట ఆడేవాళ్ళం. ఇసుక కుప్పలో చేయి దూర్చి సొరంగం తవ్వి, అగ్గిపుల్లలు గుంజలుగా నిలబెట్టి, ఒకరు టింబర్‌మన్ అయి చీపురుపుల్లతో పైన కొట్టి "ఊఁ" అంటే తక్కినవాళ్ళు వేళ్ళు లోపలికి పోనిచ్చేవాళ్ళు. ఇసుక కూలితే ఊఁ అన్నవాడు ఆటలోంచి అవుట్. టింబర్‌మన్ బిడ్డను కాబట్టి ఆ పదవి నాదేనని నేను రోజూ పోట్లాట పెట్టుకునేదాన్ని.

మొదటి మిషన్ బాపుకు పాత సామాను దుకాణంలో కనపడింది. ఏదో టింబర్ డిపోలో ఏళ్ళ తరబడి దుంగలు కోసి కోసి, ఇక పనికిరాదని తూకానికి పోయిన మొండి మిషన్ అది. గోనెసంచిలో చుట్టి సైకిల్ వెనక కట్టుకుని వచ్చాడు. సంచిలోంచి మూతి బయటపెట్టిన పళ్ళ పట్టాను చూసి అవ్వ, అంటే మా అమ్మ, గోదావరిలో మొసలిని పట్టుకొచ్చినవా ఏంది అని అడిగింది. ఎందుకు తెచ్చావు, ఏం చేస్తావు అని ఎంత నిలదీసినా ఆయన సరిగ్గా చెప్పలేదు. చివరకు, "లోపట దినాం చెట్లను నిలవెడుతనే ఉన్న, పైన ఒకటి పండవెడ్తే ఏమైతదే" అన్నాడు. నాకు ఇప్పటికీ అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

ఆ తర్వాత మా ఆదివారాలు మారిపోయాయి. ప్రార్థన నుంచి రాగానే అరుగు మీద పాత పేపర్లు పరిచి, ఎనామిల్ పళ్ళెంలో కిరోసిన్ పోసి, మిషన్ విప్పిన ముక్కలన్నీ అందులో నానబెట్టేవాడు. కార్బురేటర్ లోపల తామరరేకు కంటే పలుచని పొర ఒకటి ఉండేది, అది ఎండి చిట్లిపోతే మిషన్ పెట్రోలు తాగదు, దానికోసం మోపెడ్ మెకానిక్కుల చుట్టూ తిరిగేవాడు. పెట్రోలు గొట్టం బదులు సెలైన్ పైపు వాడేవాడు, అది కొన్నాళ్ళకు గట్టిపడి విరిగేది, మళ్ళీ ఇంకొకటి. క్యాలెండర్ అట్ట కత్తిరించి అతుకుల మధ్య పెట్టే గాస్కెట్లు చేసేవాడు. గుండ్రటి ఆకురాయి పట్టుకుని చైన్‌లోని పళ్ళను ఒక్కొక్కటే పదును పెడుతుంటే, ఆ కీచుమనే చప్పుడుకు కోళ్ళు జామచెట్టు ఎక్కేవి. ఆ మిషన్ మొదటిసారి స్టార్టయిన పూట నీలం పొగ లైనంతా కమ్ముకుని, ఇళ్ళలోంచి జనం ఉరికి వచ్చారు. బాపు ఆ చప్పుడు మధ్యలో నిలబడి, తాడు లాగి లాగి ఎర్రబడ్డ అరచేతులతో, నేను ఎన్నడూ చూడనంత నవ్వు నవ్వాడు. ఆ తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి వచ్చి చేరాయి. ఎక్కడ పాడైన రంపం మిషన్ ఉందని తెలిసినా డ్యూటీ దిగి సైకిల్ తీసేవాడు.

వాటిని చూసుకుని మురవడానికే తెచ్చేవాడు కాదు. ఎండాకాలం గాలిదుమారం లేచి దారికి అడ్డంగా చెట్టు పడితే, ఎవరి గోడ మీదనైనా కొమ్మ ఒరిగితే పిలుపు మా ఇంటికే వచ్చేది, చాయ్ తాగి వచ్చేవాడు తప్ప ఇంకేమీ పుచ్చుకునేవాడు కాదు. అన్నిటికంటే పెద్ద పని క్రిస్మస్ కట్టెలది. బొగ్గు పొయ్యి మీద నూనె వంటలు చేస్తే బొగ్గు వాసన పడుతుందని అవ్వకు పట్టుదల. అందుకని పండుగకు ముందు తుమ్మ కట్టెలు రావాలి, పెరట్లో రాళ్ళ పొయ్యి పెట్టాలి, లైనులోని ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చుని సకినాలు చుట్టాలి. నువ్వులూ వామూ కలిపిన పిండి వాసన, కొబ్బరీ బెల్లమూ పెట్టి గరిజెల అంచులు మడిచే అవ్వ గాజుల చప్పుడు, కాలుతున్న తుమ్మ కట్టె చిటపటలు, ఇవన్నీ కలిస్తేనే నాకు క్రిస్మస్. మిగిలిన కట్టెలు ఇంటింటికీ ఇన్ని పంచేవాళ్ళం.

చెట్టు కోయడంలో బాపుకు ఒక పద్ధతి ఉండేది, దానికి అందరూ నవ్వేవాళ్ళు. పడాల్సిన వైపు నోరులా గాటు తీసి, వెనకనుంచి కోత మొదలుపెట్టి, సగం దాకా పోగానే మిషన్ ఆపేసేవాడు. ఆ పాత మిషన్లు వేడి మీద ఆగితే మళ్ళీ స్టార్టు కావడానికి మొండికేస్తాయి, తాడు లాగలేక భుజాలు పడిపోతాయి. అయినా ఆపేసేవాడు. చేయి పైకెత్తితే అందరూ మాట్లాడడం మానాలి. చెట్టు మొదలుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, బాయిలో విన్నట్టే వినేవాడు. చెక్క ఏమీ అనకపోతే "ఊఁ" అని మళ్ళీ తాడు అందుకునేవాడు. నన్ను కూడా అవతలి వైపు చెవి పెట్టమనేవాడు. చెట్టు లోపల గాలికి కొమ్మల ఊగుడు, ఎక్కడో చీమల గరగర, ఇంకా లోపల ఏదో బరువు సర్దుకుంటున్న చప్పుడు. నాకు అది ఒళ్ళు ఝల్లుమనే ఆటలా ఉండేది. ఆయనకు ఆట కాదని తర్వాత తెలిసింది.

ఆ చెవులే పోవడం మొదలైంది. ఎప్పుడు మొదలైందో ఎవరం చెప్పలేం. రేడియో సౌండు బటన్ ఎప్పుడూ చివరికే తిరిగి ఉండేది. అవ్వ వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు, మొగుడి లక్షణాలు ఇప్పుడు వచ్చాయి అని ఆమె ఆట పట్టించేది. చర్చిలో పాట పాడేటప్పుడు అందరికంటే అరపాదం వెనక వచ్చేవాడు, అందరూ ఆపేశాక బాపు గొంతొక్కటే మిగిలి, నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. గుమ్మడికాయను ఒకసారి కొట్టేవాడు కాస్తా, మళ్ళీ మళ్ళీ కొట్టి, చివరకు ఏదో ఒకటి తీసుకునేవాడు. ఎవరికీ అది బాయి వరకు పోయే సంగతి అని తోచలేదు. తోచినా నోరు తెరిచి ఎవరంటారు?

నాకు బాబాయి వరసైన కనకయ్య కాక బాపు జట్టులోనే పని చేసేవాడు. కమాన్‌పూర్ వైపు ఊరు ఆయనది, షిఫ్టు దిగి పొలం పనికి పోయేవాడు. ఆ ఏడు గాలివానకు ఆయన గట్టు మీది పెద్ద తుమ్మ వేళ్ళు తేలి పక్కకు ఒరిగింది, క్రిస్మస్ కట్టెలకు అదే తీసుకుపొమ్మన్నాడు. చలికాలం ఉదయం, కోసిన వరి మొదళ్ళ మీద మంచు ఇంకా ఆరలేదు. కాక భార్య మాకు మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గటక, పచ్చి పులుసు పెట్టింది. బాపు పెద్ద మిషన్‌తో సగం కోశాడు, ఆపాడు, చేయి ఎత్తాడు. నేను అవతల చెవి పెట్టాను. చెట్టు లోపల గునుపు వినిపించింది, సన్నగా, బెదిరిన కుక్కపిల్లలా. ఆ వెంటనే టిక్కుమంది. నేను బాపు ముఖం చూశాను. కళ్ళు మూసుకుని, ప్రశాంతంగా, ఏమీ లేనట్టు ఉన్నాడు.

"ఊఁ" అన్నాడు.

కాక ఉరికొచ్చి ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో బాపునూ గుంజి గట్టు అవతల పడేశాడు. మొదలు నిలువునా చీలి, మానంతా వెనక్కి తన్ని, బాపు నిలబడ్డ చోటే పడింది. మిషన్ దాని కిందే ఉండిపోయింది. దుమ్ము సద్దుమణిగింది. తర్వాత కాక బాపు ముఖానికి ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేట్టు మెల్లగా అడిగాడు.

"అన్నా, చెట్టు మొత్తుకున్నది. నాకు గంత దూరం ఇనవడ్డది, బిడ్డకు ఇనవడ్డది. నీకు ఇనవడలేదా?"

మర్నాడు వాళ్ళిద్దరిదీ ఫస్టు షిఫ్టు. ఆ సంగతి ఇద్దరి ముఖాల్లోనూ కనిపించింది, చిన్నదాన్నైనా నాకూ అర్థమైంది. మేం సైకిల్ మీద ఇంటికి వస్తుంటే దారి పొడుగునా బాపు సైకిల్ బెల్లు కొడుతూ, తల పక్కకు వంచి వింటూ, మళ్ళీ కొడుతూ వచ్చాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అవ్వతో ఒక్క మాట అన్నాడు. "ఇనకుండనే ఊఁ అన్ననే. బాయిల గూడ ఎన్ని దినాలసంది గిట్ల అంటున్ననో." అవ్వ ఆయన చేయి పట్టుకుని కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు కదా, దేవుడు చల్లగా చూశాడు, ఎవరికీ చెప్పకు, ఇంకొన్నాళ్ళు చూద్దాం అని ఆమె అని ఉంటే ఆయన వినేవాడేమో, టింబర్‌మన్ పని అంటే ఆయనకు ప్రాణం. ఆమె అనలేదు. ఆ జట్టులో ఉన్నవాళ్ళ పెళ్ళాలంతా మా పెరట్లో సకినాలు చుట్టేవాళ్ళే.

మర్నాడు బాయిలో జరిగింది కాక ద్వారా తెలిసింది. ఎప్పటిలాగే జట్టు ఆగి నిలబడిందట. బాపు కడ్డీ పైకెత్తి, కొట్టకుండానే దించి, దాన్ని కాక చేతిలో పెట్టి అందరికీ వినపడేట్టు చెప్పాడట.

"ఇగ నువ్వు కొట్టు కనకా, నువ్వు ఇను. నా చెవులను నమ్మి ఒక్కలు గూడ లోపటికి పోవద్దు."

పైకి వచ్చి తనే ఆఫీసుకు పోయి, బాయి పనికి నేను పనికిరానని చెప్పుకున్నాడు. మా వైపు ఆ మాట మనిషి నోటి నుంచి అంత సులభంగా రాదు, లోపలికి దిగేవాడే మగాడని నమ్మిన ఊరు అది. దవాఖానలో పరీక్షలు చేసి చెవులు చాలావరకు పోయాయన్నారు. ఆయన్ను పైన టింబర్ యార్డులో వేశారు, లారీల్లో వచ్చే దుంగలను ఏరి వేరు చేసే పని. చాయ్ హోటల్లో ఆయన వస్తే జట్టువాళ్ళు లేచి బెంచీ మీద చోటిచ్చేవాళ్ళు. అది గౌరవమే, కానీ ఆయన ఆ హోటల్‌కు పోవడం మానేశాడు.

చెవులు పోయింది బాయిలోని డ్రిల్లింగు చప్పుళ్ళ వల్లనా, ఈ మిషన్ల వల్లనా ఎవరు తేల్చగలరు? బాపు మాత్రం తన సరదానే తిట్టుకున్నాడు. మిషన్లలో పెట్రోలు వంపేసి, గ్రీజు పూసి, గోనెల్లో కట్టి మంచం కిందికి తోశాడు. ఆ క్రిస్మస్‌కు అవ్వ బొగ్గు పొయ్యి మీదే వంటలు చేసింది. సకినాలకు బొగ్గు వాసన పట్టింది, లైనులో అందరూ తిన్నారు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇంకొకటి కూడా జరిగింది, అది గమనించడానికి మాకు కొంత కాలం పట్టింది. బాపు ఊఁ అనడం మానేశాడు. అన్నం పెట్టనా అంటే తల ఊపేవాడు, మాట అర్థమైందా అంటే తల ఊపేవాడు. కథ చెబుతుంటే ఊఁ కొట్టమని చిన్నపిల్లలు అడిగినా, నవ్వి తల ఊపేవాడు తప్ప ఆ మాట ఆయన నోట మళ్ళీ రాలేదు.

కొన్నేళ్ళకు గోనెలు విప్పాడు గానీ, విప్పడం, తుడవడం, పదును పెట్టడం వరకే. తాడు లాగేవాడు కాదు. నేను డిగ్రీ చదువుతుండగా ఒక సెలవుల్లో, తుమ్మ చెట్టు కింద పడి నలిగిన ఆ పెద్ద మిషన్‌ను నేనే కూర్చుని బాగుచేశాను, వంగిన పిడి సాఫు చేసి, పొర మార్చి, పళ్ళు పదును పెట్టాను. స్టార్ట్ చేస్తానంటే ముందు దూదిని మైనంలో ముంచి నా చెవులు మూశాడు. "నాయి పోతే పోయినయ్, నీయి ఉండాలె" అన్నాడు. తాడు లాగాను. మొండికేసి, దగ్గి, చివరకు అందుకుంది. బాపు దగ్గరకు వచ్చి ఇంజన్ మీద అరచేయి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. చెవులతో కాదు, ఆ అరచేతితో, చాలాసేపు, చెట్టుకు చెవి ఆనించినప్పటి ముఖంతోనే విన్నాడు. నేను ఆపేశాను. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఊఁ" అన్నాడు. అవ్వ చేతిలో చేట అట్లాగే పట్టుకుని గుమ్మంలో ఏడ్చింది, నేనూ ఏడ్చాను. బాపు పోయేదాకా మళ్ళీ ఆ మాట అనగా నేను వినలేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, బొగ్గు పొయ్యిల పొగా లేదు, అందులో తేలిన తలకాయలన్నీ ఎక్కడెక్కడో స్థిరపడ్డాయి. బాపు పనిచేసిన బాయి మూతపడింది. గుంజల బదులు ఇనుప బోల్టులు వచ్చాయి, వాటికీ పని లేకుండా మా వైపు చాలాచోట్ల పైనుంచే తవ్వుతున్నారు. కనకయ్య కాక పొలం, గట్టూ, ఆ తుమ్మ మొదలూ అన్నీ ఓపెన్‌కాస్టులో కలిసిపోయాయి. అక్కడ నిలబడి చూస్తే కింద గొయ్యి, పైన ఉత్త ఆకాశం, కొట్టి చూడడానికి పైకప్పంటూ ఏదీ లేదు. చెక్క గునుపు విని గుర్తుపట్టగలిగే మనుషుల్లో కాక ఒక్కడే నాకు తెలిసి మిగిలాడు, ఆయనా ఇప్పుడు మంచంలోనే ఉన్నాడు.

పోయిన ఆదివారం మా బడి ప్రహరీ మీద ఒరిగిన తుమ్మను కోశాను. పెద్ద మిషన్ తీసుకుపోయాను, చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకున్నాను, సగం కోసి ఆపాను. గోడ అవతల కొమ్మలు లాగడానికి నిలబడ్డ వాచ్‌మన్ కొడుకులు మిషన్ చెడిపోయిందనుకుని ఏదో అడగబోతే చేయి ఎత్తాను, వాళ్ళు ఊరుకున్నారు. మఫ్‌లు తీసి మొదలుకు చెవి ఆనించాను. కొమ్మల ఊగుడు, చీమల గరగర, ఇంకేమీ లేదు. వాళ్ళు నా మాట కోసం చూస్తున్నారు. ఊఁ అనబోయి ఆగి, ఇంకొకసారి విన్నాను.